నాన్న ఇచ్చిన మిల్లు, మీరు రాస్తున్న మహారాణి కథ

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. మా అమ్మానాన్నలకి ఒక్కతే కూతుర్ని. గోదావరి జిల్లాలో నాన్నకి రైస్ మిల్లు ఉంది. పోయిన ఏడాది గుండెపోటుతో పోయారు. మిల్లూ, దాని స్థలమూ నా పేర వీలునామా రాశారని ఆయన పోయాకే తెలిసింది. ఉన్నన్నాళ్ళూ ‘దుమ్ము, నీకెందుకమ్మా’ అంటూ నన్ను మిల్లు లోపలికి రానిచ్చేవారు కాదు. మా బాబాయిగారి అబ్బాయి పదేళ్ళకు పైగా నాన్న దగ్గరే ఉండి అన్నీ చూసుకున్నాడు. ఇప్పుడు ‘ఇంటిపేరు మారిపోయిన ఆడపిల్లకి మిల్లేంటి?’ అంటున్నాడు. మావారు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అమ్మేసి ఫ్లాట్ కొందామంటారు. అమ్మేమో ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దంటుంది. నిద్ర పట్టని రాత్రుళ్ళు ఫోన్‌లో ఒక కథ సీరియల్‌గా రాస్తున్నాను. తండ్రి సింహాసనం ఎక్కిన మహారాణి కథ. బాగానే చదువుతున్నారు. అందులో ద్రోహి సేనాపతి తనేనని అన్నయ్య మాటలు మానేశాడు. ‘నీ రాణిగారి మొగుడికి పేరు కూడా పెట్టలేదేం?’ అని మావారు అలిగారు. కథ ఆపేయాలా? మిల్లు వదిలేయాలా?

జవాబు: మీరు పంపిన భాగాలన్నీ చదివాను. బాగా రాస్తున్నారు, అది ముందు చెప్పాలి. ఉత్తరంలో మొహమాటపడి దాచినవి చాలా ఆ కథలో కనిపించాయి. అందుకే మిల్లు గురించి చెప్పేముందు మీ రాణిగారి గురించి నాలుగు మాటలు.

ఆవిడ తండ్రి ఒక్క తప్పు కూడా చేయని మనిషి. ఆయన ఒక భాగం చివర్లో కన్నుమూస్తే, తర్వాతి భాగం మొదట్లోనే ఆవిడ సింహాసనం మీద ఉంటుంది, గడగడా ఆజ్ఞలు ఇచ్చేస్తుంటుంది. తండ్రి కోసం ఏడ్చింది లేదు. రాజ్యం నడపడం ఎవరు నేర్పారో లేదు. ఖజానా తలుపు తెరిచి చూసింది అంతకన్నా లేదు. ఎదురు మాట్లాడినవాళ్ళంతా ద్రోహులే. ఇదంతా చదివాక, మీకున్న కోపంలో ఎక్కువ పాలు మీ నాన్నగారి మీదే అనిపించింది. పోయిన మనిషిని ఏమీ అనలేక, ఆ కోపాన్ని సేనాపతి మీదికి తోలుతున్నారు. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ఆయన మిల్లు ఇచ్చారు, మిల్లు నడపడం మాత్రం నేర్పలేదు. దానికి కోపం రావడం తప్పు కాదు, ఆయన మీద ప్రేమ లేదని అర్థమూ కాదు.

చరిత్రలో నిజంగా ఇలా తండ్రి సింహాసనం ఎక్కిన ఇద్దరున్నారు. వాళ్ళ తండ్రులిద్దరూ చేసిన పని మాత్రం ఒకటి కాదు. ఆస్ట్రియాని ఏలిన ఆరవ చార్లెస్‌ని చూడండి. ఆడపిల్లకి కూడా రాజ్యం దక్కాలని 1713లోనే శాసనం చేశాడు, అప్పటికింకా కూతురు మరియా థెరీసా పుట్టనే లేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చుట్టుపక్కల రాజుల చేత దాన్ని ఒప్పించుకోవడంలోనే గడిపాడు. ఆ అమ్మాయికి మాత్రం రాజకీయం నేర్పలేదు. ఆయన 1740 అక్టోబరులో పోయాడు. ఆమెకి 23 ఏళ్ళు. డిసెంబరులో, ఆ శాసనాన్ని అంతకుముందు ఒప్పుకున్న పొరుగు రాజ్యం ప్రష్యానే ఆమె ఏలుబడిలోని సైలీషియా మీదికి సైన్యాన్ని నడిపింది. డబ్బు లేదు, అప్పు పుట్టదు, సైన్యం లేదు, అనుభవం లేదు, సలహా చెప్పేవాళ్ళు లేరు, ఆ స్థితిలో పాలన మొదలుపెట్టానని ఆమె తర్వాత స్వయంగా రాసుకుంది. తండ్రి కాగితం పక్కాగా రాశాడు, కూతురు మాత్రం ఖాళీ చేతులతో నిలబడింది. మీ నాన్నగారిది కూడా ఈ దారే.

మన ఓరుగల్లు గణపతిదేవుడు వేరే దారి పట్టాడు. కొడుకులు లేరు. బతికుండగానే కూతురు రుద్రమను పక్కన కూర్చోబెట్టుకుని పాలనలో కలుపుకున్నాడు. మగపేరు కూడా పెట్టాడు. శాసనాల్లో ఆవిడ రుద్రదేవ మహారాజు. ‘ఆడపిల్లకి మిల్లేంటి’ అనే మాటకి ఆ రోజుల్లో వాళ్ళకి తోచిన జవాబు అది. అంత చేసినా ఆవిడకి సాఫీగా జరిగిపోలేదు. 1263 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ముత్తుకూరులో పాండ్యుల చేతిలో కాకతీయులు గట్టి దెబ్బ తిన్నారు. అంటే రాజ్యంతో పాటు ఓటమి కూడా ఆవిడ ఖాతాలోనే పడింది. తర్వాత దేవగిరి యాదవులు వచ్చిపడ్డారు. ఇన్నీ దాటి ఏలిందా, మన తీరానికొచ్చిన మార్కోపోలో మాత్రం ఆవిడ రాజుగారి కూతురని పోల్చుకోలేక, చనిపోయిన రాజుకి భార్య అని రాసేసుకున్నాడు! బయటివాళ్ళ కళ్ళు అలాగే ఉంటాయి. రేపు మీ మిల్లుకొచ్చే ధాన్యం బ్రోకర్లు కూడా ‘అల్లుడుగారు ఎప్పుడొస్తారమ్మా?’ అనే అడుగుతారు. ప్రతిసారీ ఉడుక్కోనక్కర్లేదు. రేటు మీరే చెప్పండి, చెక్కు మీద సంతకం మీరే పెట్టండి. రెండు సీజన్లు గడిచేసరికి ఎవరిని అడగాలో వాళ్ళకే తెలుస్తుంది.

ఇక మీ అన్నయ్య సంగతి. నా మాట మీకు రుచించకపోవచ్చు. పదేళ్ళకు పైగా ఆ దుమ్ములో నిలబడ్డ మనిషి అతను. హమాలీలతో, లారీలవాళ్ళతో, అధికారులతో వేగింది అతను. వీలునామాలో అతని పేరు ఉన్నట్టు మీరు రాయలేదు. మీ నాన్నగారు అతనికి నోటిమాటగా ఏదైనా చెప్పి ఉంటే అది మీకు తెలియదు కూడా. ‘ఆడపిల్లకి మిల్లేంటి’ అనడం ముమ్మాటికీ తప్పు, అది ఒప్పుకోవద్దు. కానీ ఆ మాట వెనక ‘మరి నా సంగతేంటి?’ అనే ప్రశ్న ఉంది, అది న్యాయమైన ప్రశ్నే. రుద్రమకి అండగా నిలిచిన సామంతుడు కాయస్థ జన్నిగదేవుడిదీ, చివర్లో ఆవిడ మీద తిరగబడ్డ అంబదేవుడిదీ ఒకటే కుటుంబం. ఒక ఇంటి నుంచే అండా రావచ్చు, తిరుగుబాటూ రావచ్చు. మీ అన్నయ్య ఇంకా ఏ వైపూ తేల్చుకోలేదని నా అంచనా. తేల్చుకుంటే మాటలు మానేసి ఊరుకోడు, కోర్టుకి వెళ్ళేవాడు.

కాగితాల విషయం గట్టిగా చూసుకోండి. మిల్లు మీ నాన్నగారి స్వార్జితమైతే ఆయనకి నచ్చినవాళ్ళకి రాసే హక్కు ఉంది. వీలునామా మీద ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్టర్ అయి ఉంటే మంచిదే కానీ తప్పనిసరేం కాదు. మీ తాతగారు పెట్టిన మిల్లయితే సంగతి వేరు. ఆయన తర్వాత అన్నదమ్ముల మధ్య పంపకాలు కాగితం మీద జరిగాయా, మీ బాబాయిగారు ఎప్పుడైనా భాగస్వామిగా ఉన్నారా, అది ముందు తేలాలి. పంపకాలు జరగకపోతే ఆయన వాటా అందులో ఉండొచ్చు. అప్పుడు మీ అన్నయ్య అడిగేది ద్రోహం కిందికి రాదు, లెక్క కిందికే వస్తుంది. ఆడపిల్ల, ఇంటిపేరు అనే వాదన మాత్రం చట్టం ముందు నిలవదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం అప్పుడే తెచ్చింది. 1985 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకి అది వర్తించింది. 2005 సవరణతో దేశమంతటా పెళ్ళయినవాళ్ళకీ వచ్చింది. ఆ ఏడాది నాటికి తండ్రి బతికి ఉండాలన్న మెలికని కూడా సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తీసేసింది. పత్రాలన్నీ పట్టుకుని మీ ఊరి బంధువర్గంలో లేని ఒక సివిల్ లాయర్‌ని కలవండి. బంధువైన లాయర్ వద్దు. రెండు వైపులా పెళ్ళిళ్ళకి వెళ్ళాల్సిన మనిషి ఖచ్చితంగా మాట్లాడలేడు.

మిల్లులో మీరు ముందు చూడాల్సింది స్టాక్. ప్రభుత్వ ధాన్యం ఆడిస్తున్నారా? ఆడిస్తుంటే క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం తిరిగి అప్పజెప్పాలి, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు. ఎంత ధాన్యం వచ్చింది, ఎంత బియ్యం వెళ్ళింది, గోడౌన్‌లో ఎంత ఉంది, ఈ మూడూ కలవాలి. తేడా వస్తే ముందు అడిగేది కాగితాల మీద ఎవరి పేరుంటే వాళ్ళనే. అంటే ఇకపై మిమ్మల్ని. మీరు హైదరాబాద్‌లో కూర్చుని అన్నయ్య మీద కోపంతో మిల్లు వైపు చూడకపోతే, అతను తప్పు చేసినా చేయకపోయినా జవాబు మీరే చెప్పాలి. నాన్నగారి పేరుతో ఉన్న జీఎస్టీ, లైసెన్సులు, బ్యాంకు ఖాతాల మార్పు గురించి ఆడిటర్‌తో మాట్లాడండి. తవుడు, నూక, ఊక అమ్మిన డబ్బు ఏ ఖాతాలోకి వెళ్తోందో కూడా అడగండి. చిన్న ప్రశ్నలా ఉంటుంది కానీ మిల్లు గుట్టంతా అక్కడే బయటపడుతుంది.

ఇవన్నీ మీ అమ్మగారికి కొంత తెలిసి ఉంటాయని నా అనుమానం. మీ నాన్నగారు రాత్రిళ్ళు ఇంటికొచ్చి లెక్కలు చూసుకునే మనిషైతే, ఏ రైతుకి ఎంత బాకీ, ఎవరు ఎగ్గొట్టారు అన్నవి ఆవిడ చెవిన పడే ఉంటాయి. గొడవ వద్దనడం ఆవిడ భయం. ఆ భయం వదిలేసి, తెలిసినవి చెప్పమనండి. ఇంతవరకూ ఆవిడని అలా అడిగినవాళ్ళు ఉండి ఉండరు.

మీవారి అలక గురించి. మీ కథలో సేనాపతి గుర్రానికి కూడా పేరుంది, రాణి భర్తకి లేదు. ఆయనకి తగలదా మరి? మరియా థెరీసా అధికారంలోకి రాగానే భర్త ఫ్రాన్సిస్‌ని సహపాలకుడిగా పెట్టుకుంది. నిర్ణయాలు తనవే, కానీ డబ్బు లెక్కల్లో ఆయన దిట్ట, ఆ పని ఆయనకి వదిలింది. ఒక విచిత్రం ఏమిటంటే, రాజ్యం తండ్రి నుంచి వచ్చినా ‘సామ్రాజ్ఞి’ అనే బిరుదు మాత్రం 1745లో ఆయన పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తిగా ఎన్నికయ్యాకే ఆమెకి దక్కింది. మీవారికి కంప్యూటర్ పని చేతిలో విద్య. స్టాక్ లెక్కలు ఒక పద్ధతిలో పెట్టడానికి ఆయన సాయం అడగండి. ఆయన మిల్లు అమ్మమంటున్నది డబ్బు మీద ఆశతోనే అని ముందే తేల్చేయకండి. సగం రోజులు మీరు అక్కడా, తను ఇక్కడా ఉంటే సంసారం ఏమవుతుందన్న టెన్షన్ కూడా కావచ్చు. అది ఎదురుగా కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

అమ్మాలా వద్దా అనేది ఇప్పుడు తేల్చకండి. ఒక సార్వా (ఖరీఫ్), ఒక దాళ్వా (రబీ) చూడండి. ఆ లోపు అన్నయ్యతో రాతపూర్వకంగా ఏదో ఒక ఏర్పాటు చేసుకోండి. జీతం మీద లాభంలో వాటా ఇవ్వొచ్చు, భాగస్వామిగా తీసుకోవచ్చు, లేదా మిల్లు అతనికే లీజుకి ఇచ్చేయవచ్చు. లీజు మీ ప్రాంతంలో కొత్తేం కాదు, మీ నాన్నగారి పరువుకి భంగమూ కాదు. ఏడాది చూశాక మీకు ఇష్టం లేదనిపిస్తే అమ్మేయండి. తండ్రి ఇచ్చింది కాబట్టి చచ్చేదాకా మోయాలన్న రూల్ లేదు. మీరు మోయాలనుకుంటున్నారో లేదో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. మిగతావాళ్ళు ఏమంటున్నారో మాత్రమే రాశారు. తెల్లవారుజామున మెలకువ వస్తే ఆ ప్రశ్న వేసుకోండి. మెలకువలే ఎక్కువై, తిండి సయించక, పని మీద మనసు నిలవకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్‌ని కలవండి. వెంటనే వెళ్ళడం కుదరకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

కథ ఆపొద్దు. కొత్త భాగం పెట్టడం మాత్రం కొన్నాళ్ళు వాయిదా వేయండి. ఈ లోపు ఒక భాగం మీకోసమే రాసుకోండి. రాణి ఖజానా తలుపు తెరిచి, తండ్రి వదిలి వెళ్ళిన లెక్కలు చూసి, ‘ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు నాన్నా?’ అని అడిగే భాగం. ఎవరికీ చూపించక్కర్లేదు. సేనాపతి విషయంలో మీ అన్నయ్య చెప్పింది నిజమే, పోలికలు మరీ దగ్గరగా ఉన్నాయి. ఆ మెడ దగ్గరి పుట్టుమచ్చ అవసరమా? తీసేయండి. తీసేశానని మీరే అతనికి ఫోన్ చేసి చెప్పండి. ఆ ఫోన్‌లోనే దాళ్వా ధాన్యం వచ్చేలోపు స్టాక్ రిజిస్టర్ ఇద్దరం కలిసి చూద్దాం, ఏ రోజు వీలవుతుంది అన్నయ్యా అని అడగండి.