ముందు ఆ ఫోన్ పాపకి తిరిగిచ్చేయండి

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. క్లాసులో ఎవరో తన ఫొటో పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో ఫేక్ అకౌంట్ తెరిచి, రంగు మీద, మొటిమల మీద నోటికొచ్చినట్టు రాస్తున్నారు. సరిగ్గా తినడం లేదు, పొద్దున్నే కడుపునొప్పి అంటూ బడి మానేస్తోంది. ఫోన్ లాగేసుకున్నాను. వాళ్ళ నాన్నకి చెప్పాలంటే భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఆ ఫోన్ తిరిగిచ్చేయండమ్మా. మీ కంగారు అర్థమవుతోంది, కానీ పిల్లలు ఇలాంటివి ఇంట్లో దాచేది ఇందుకే: చెప్తే ఫోన్ పోతుంది, పైగా ‘నువ్వేం చేయకుండానే అంటారా’ అని మాట పడాలి. తప్పు ఎవరిదో, శిక్ష మీ పాపకి పడింది. ఆ కడుపునొప్పి కూడా నాటకం కాదు. టెన్షన్‌తో నిజంగానే నొప్పి వస్తుంది, సెలవు రోజు తగ్గిపోయి సోమవారం పొద్దున మళ్ళీ మొదలవుతోందేమో గమనించండి.

కోపంలో ఏదీ డిలీట్ చేయొద్దు. ఆ ప్రొఫైల్, యూజర్‌నేమ్, పోస్టులు, కామెంట్లు తేదీతో సహా స్క్రీన్‌షాట్లు తీసి, లింక్ కాపీ చేసి దాచాక అప్పుడు రిపోర్ట్ కొట్టండి, అకౌంట్ పోయాక చూపించడానికి ఏమీ మిగలదు కదా. పాప సొంత అకౌంట్‌లో వెక్కిరించేవాళ్ళని ‘రిస్ట్రిక్ట్’ చేస్తే వాళ్ళ కొత్త కామెంట్లు మిగతావాళ్ళకి కనపడవు, అలా చేసినట్టు వాళ్ళకి కబురూ వెళ్ళదు.

బడిలో నోటిమాటతో సరిపెట్టకండి. కాగితం మీద రాసి హెడ్మాస్టర్‌కిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ‘పిల్లలన్నాక మామూలే’ అంటే అక్కడితో వదిలేయకండి, మామూలు కాదు కాబట్టే పాప అన్నం మానేసింది. ఫొటోని అసభ్యంగా మార్ఫింగ్ చేశారా, ఇక బడి కోసం ఆగక్కర్లేదు. అది పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం), ఐటీ చట్టం సెక్షన్ 67బి దాకా వెళ్ళే నేరం. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల మీద అలాంటి నేరాలకి పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు, 1098 చైల్డ్‌లైన్ కూడా ఉంది. అలాంటి బొమ్మని మాత్రం ఎవరికీ, టీచర్‌కి కూడా, ఫార్వర్డ్ చేయకండి.

వాళ్ళ నాన్నకి చెప్పండి, కానీ పాపకి తెలిసేలా, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ఆయన ఆవేశంగా అవతలి పిల్లల ఇంటి మీదికి వెళ్తే రేపు క్లాసులో ఎదుర్కోవాల్సింది తనే. తిండి, నిద్ర ఇలాగే ఉంటే 14416కి, అంటే మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి, ఉచితం, ఇరవై నాలుగ్గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట ఒక్కసారి అన్నా ఒంటరిగా వదలకుండా ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి.