బోల్టు బిగిస్తే విష్‌బోన్ పట్టేస్తోందా? ముందు ట్యూబు కొలవండి

బోల్టు పూర్తిగా బిగించగానే మీ కిట్ కారు (విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునే కారు) కింది విష్‌బోన్, అంటే చక్రాన్ని చాసిస్‌కు కలిపే V ఆకారపు చేయి, పట్టేస్తోందని, వదులు చేస్తే బ్రాకెట్‌లో అటూ ఇటూ ఆడుతోందని రాశారు. వాషర్ల సంగతి తర్వాత. ముందు బుష్ (విష్‌బోన్ కీలులో ఉండే మెత్తటి గొట్టంలాంటి ముక్క) లోపలి స్టీలు ట్యూబును కొలవండి. పాలీయూరిథేన్ బుష్ అయితే, ట్యూబు దానికంటే వెంట్రుకవాసి పొడుగ్గా ఉండాలి. బోల్టు నొక్కి పట్టాల్సింది ట్యూబునే. ట్యూబు పొట్టిదైతే బ్రాకెట్ చెంపలు నేరుగా బుష్‌నే నలిపేస్తాయి. మీ దగ్గర జరుగుతున్నది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. బుష్ అంచును ఎమెరీ పేపర్‌తో కొంచెం కొంచెంగా అరగదీస్తూ సరిచూసుకోండి.

ఇక బ్రాకెట్‌లో మిగిలిన ఖాళీకి ట్యూబు చివర సరిపడా పల్చటి షిమ్ వాషర్లు వేయండి. దయచేసి బోల్టు బలంతో బ్రాకెట్‌ను దగ్గరకు లాగొద్దు, వెల్డింగ్ దగ్గర పగులు మొదలయ్యే ప్రమాదం ఉంది. పై విష్‌బోన్‌కు ముందూ వెనకా ఉన్న వాషర్లు చాలా కిట్లలో క్యాస్టర్ కోణాన్ని (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం) నిర్ణయిస్తాయి, కాబట్టి విప్పేముందే ఫొటో తీసుకోండి.

ట్యూబుకు సిలికాన్ గ్రీజు పూయండి. ఒకవేళ మీవి ట్యూబుకు అతికిన రబ్బరు బుష్‌లైతే గ్రీజు వద్దు. కారు నాలుగు చక్రాల మీద, మామూలు బరువుతో నిలబడ్డాకే చివరి బిగింపు ఇవ్వండి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది. నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) మాత్రం కొత్తవే వాడండి.