టెక్ సందేహాలు: ఎనిమిది నెలలుగా వాడని సిమ్ ఇప్పుడు ఎవరిది?

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం సారాంశం ఇది. అప్పడాలు, వడియాలు, ఆవకాయ ఇంట్లోనే చేసి ఆన్‌లైన్‌లో అమ్మాలని ఆమె తొమ్మిది నెలల కిందట నిర్ణయించుకున్నారు. అందుకోసం విడిగా ఒక సిమ్ తీసుకుని, ఆ నంబరుతోనే ఒక ఈమెయిల్, ఒక వాట్సాప్ బిజినెస్ ఖాతా, ఒక మార్కెట్‌ప్లేస్‌లో సెల్లర్ అకౌంట్ తెరిచారు. డాట్ కామ్ డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) ఒకటి కొన్నారు. ఆన్‌లైన్ వ్యాపారం నేర్పే వీడియో కోర్సుకు డబ్బు కట్టి సగం చూశారు. ఇంతవరకు ఒక్క సీసా కూడా అమ్మలేదు. "ఫొటోలు బాగా రావడం లేదండీ, 20 వేల లోపు మంచి కెమెరా ఉన్న ఫోను ఏదో చెప్పండి, అది కొన్నాక మొదలుపెడతాను. కొత్త సిమ్‌కు ఎనిమిది నెలలుగా రీఛార్జ్ చేయించలేదు, కాగితంలో చుట్టి పోపుల డబ్బా వెనుక భద్రంగా ఉంచాను" అని ఉత్తరం ముగించారు.

ఇటువంటి ఉత్తరాలు నాకు కొత్త కావు. గుణుపురం నుంచి ఒక యువకుడు దుకాణం తెరవకుండానే వెబ్‌సైట్ థీమ్ నాలుగుసార్లు మార్చి, ఐదో థీమ్ ఏది బాగుంటుందని అడిగాడు. రాయగడలోని ట్యూషన్ మాస్టారు ఒకరు ఆన్‌లైన్ పాఠాలకు ఏ ల్యాప్‌టాప్ కొనాలని ఏడాదిలో మూడుసార్లు రాశారు. బరంపురం నుంచి పట్టుచీరలు అమ్మదలచిన కుటుంబం లైటింగ్ కిట్ గురించి అడిగింది. పరికరం పేరు పెట్టి వీరందరూ నా దగ్గర మరో నెల వాయిదా పుచ్చుకుంటున్నారని నాకు అనుమానం. కాబట్టి ఈసారి ఏ ఫోను పేరూ చెప్పను.

అమ్మా, మీరు జతచేసిన ఫొటోను పెద్దది చేసి చూశాను. ఆవకాయ సీసా అంచుల చుట్టూ పాలు చల్లినట్టు తెల్లటి మసక ఉంది. అది కెమెరా లోపం కాదు, లెన్స్ మీద నూనె చేతి వేలిముద్ర. పాత నూలుబట్టతో లెన్స్ తుడవండి. ఉదయం ఎనిమిదింటికి వంటింటి కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట సీసాను పెట్టండి, కింద స్టీలు పళ్లెం బదులు తెల్లటి తువ్వాలు పరిచి ఉన్న ఫోనుతోనే తీయండి. మార్కెట్‌ప్లేస్‌లు మీ ఫొటోను ఎలాగూ కుదించి చిన్నది చేస్తాయి, కొనేవారు దాన్ని బొటనవేలంత బొమ్మగా చూస్తారు. ఇంటి అప్పడాలు అమ్మే మనిషికి వంద మెగాపిక్సెళ్లు ఎందుకో ఆ ప్రకటనలు రాసేవారే చెప్పాలి.

కెమెరా సంగతి అంతటితో సరి. ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టినది ఆ చివరి వాక్యం, పోపుల డబ్బా వెనుక ఉన్న సిమ్.

ప్రీపెయిడ్ నంబరును వరుసగా 90 రోజులపాటు కాల్, మెసేజ్, డేటా ఏదీ లేకుండా వదిలేస్తే టెలికాం కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. ఖాతాలో 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అందులోంచి తీసుకుని గడువు పొడిగించే ఏర్పాటు ఉంది గాని, నెలవారీ ప్యాక్‌లతో నడిచే సిమ్‌లలో ఆ 20 రూపాయలు మిగిలి ఉన్నాయో లేదో చూసుకునేవారు అరుదు. రద్దయిన నంబరును మరో 90 రోజుల వరకు కొత్తవారికి ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. రెండు గడువులూ కలిపితే 180 రోజులు, అంటే ఆరు నెలలు. మీరు వదిలేసి ఎనిమిది నెలలైంది. మీరు కాగితంలో చుట్టి దాచినది ఒక ప్లాస్టిక్ ముక్క మాత్రమే కావచ్చు, ఆ నంబరు ఈపాటికి ఏ ఊళ్లోనో ఎవరి జేబులోనో మోగుతూ ఉండవచ్చు.

ఇది ఊహించి రాస్తున్న మాట కాదు. రెండేళ్ల కిందట నేను ఒక కొత్త సిమ్ తీసుకుంటే, మొదటి వారంలోనే దాని పాత యజమాని కోసం అప్పు వసూలు చేసేవారి కాల్స్ వచ్చాయి, ఆ తరువాత ఒక స్కూలు ఫీజు గుర్తుచేస్తూ పిల్లవాడి పేరు, తరగతితో సహా మెసేజ్ వచ్చింది. పదో రోజున అడగకుండానే ఒక ఓటీపీ వచ్చింది. ఆ మనిషి తన ఖాతాలోకి వెళ్లడానికి ఎక్కడో కూర్చుని ప్రయత్నిస్తున్నారని, తాళంచెవి నా చేతికి వస్తున్నదని అప్పుడు అర్థమైంది. నేను దాన్ని చెరిపేశాను. ఆ చోట మరొకరుంటే ఏం చేసేవారో చెప్పలేను.

మీ విషయంలో వరుస ఎలా ఉంటుందో చూడండి. ఆ నంబరు దొరికిన వ్యక్తి మీ ఈమెయిల్ దగ్గర "పాస్‌వర్డ్ మరిచిపోయాను" అని నొక్కితే, ఓటీపీ పాత నంబరుకే వెళుతుంది. ఈమెయిల్ చేతికి వస్తే సెల్లర్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చుకునే లింకు అందులోకే వస్తుంది, డొమైన్ లాగిన్ కూడా అంతే. సెల్లర్ అకౌంట్‌లో మీ పాన్ వివరాలు, బ్యాంకు ఖాతా నంబరు, ఇంటి చిరునామా ఉంటాయి. ఇక వాట్సాప్ సంగతి. 45 రోజులకు పైగా నిద్రపోయిన ఖాతా నంబరును కొత్త యజమాని మరో ఫోనులో నమోదు చేసుకుంటే పాత ఖాతా సమాచారాన్ని వాట్సాప్ తీసేస్తుంది, అంతవరకు మంచిదే. కాని మీ నంబరును "అప్పడాల పిన్నిగారు" అని సేవ్ చేసుకున్న బంధువుల ఫోన్లలో ఆ పేరు అలాగే ఉంటుంది. రేపు ఆ నంబరు నుంచి "ముందుగా 500 పంపండి, సరుకు పంపిస్తాను" అని మెసేజ్ వస్తే వారు మీరే అనుకుంటారు.

బ్యాంకులు, యూపీఐ యాప్‌లు రద్దయిన, చేతులు మారిన నంబర్ల జాబితాను కనీసం వారానికొకసారి సరిచూసుకోవాలని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆదేశించి, 2025 ఏప్రిల్ నుంచి అమలు చేయించింది. ఈమెయిల్ సంస్థలు, మార్కెట్‌ప్లేస్‌లు, డొమైన్ అమ్మేవారి మీద అటువంటి కట్టుబాటు నాకు కనిపించదు. ఇంకా విచిత్రం, ఖాతా తెరిచేటప్పుడు నంబరు కోసం పదిసార్లు పీడించే ఈ యాప్‌లలో ఒక్కటైనా ఆరు నెలల మౌనం తరువాత "ఈ నంబరు ఇంకా మీదేనా?" అని మెయిల్ పెట్టగా నేను చూడలేదు. "మీ ప్రొఫైల్ 85 శాతం పూర్తయింది" అని ఆకుపచ్చ గీత చూపించి మురిపిస్తాయి. ఆ గీత వల్లనే సగం మంది వ్యాపారం ముప్పాతిక భాగం నడిచిపోయిందనుకుని పడుకుంటారు. ఖాతాలు తెరిచి వదిలేసిన దుకాణం అసలు తెరవని దుకాణం కంటే, రోజూ నడిచే దుకాణం కంటే కూడా ప్రమాదం. నడిచే దుకాణంలో తేడా వస్తే యజమానికి ఆ సాయంత్రమే తెలుస్తుంది, వదిలేసినదానిలో ఎవరు దూరినా అడిగేవారుండరు.

డొమైన్ గురించి గుణుపురం యువకుడు కూడా వినాలి. డాట్ కామ్ పేరు గడువు తీరిన తరువాత కొద్ది రోజుల వెసులుబాటు, ఆపైన అదనపు రుసుముతో తిరిగి దక్కించుకునే 30 రోజులు, చివర పేరును తొలగించే ముందు ఆగే 5 రోజులు ఉంటాయి, ఆ తరువాత ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ పేరు మీద ఈమెయిల్ చిరునామా కూడా పెట్టుకుని ఉంటే, కొత్తగా కొన్నవారు ఆ చిరునామాను మళ్లీ సృష్టించి మీకు వచ్చే ఉత్తరాలన్నీ చదువుకోవచ్చు. వెబ్‌సైట్‌ను స్నేహితుడెవరైనా చేసిపెట్టి ఉంటే, డొమైన్‌ను తన పేరున నమోదు చేసుకున్నాడేమో ముందు కనుక్కోండి. ఫోను ఎత్తని స్నేహితుడి పేరున ఉన్న డొమైన్‌కు మీరు ఎన్ని థీమ్‌లు మార్చినా అద్దె ఇంటికి వేసిన సున్నమే.

మన ప్రాంతం సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోక తప్పదు. పిన్‌కోడ్ 76తో మొదలైందంటే చాలు, కొన్ని యాప్‌లు ఆ ఇంట్లో తెలుగు చదివేవారు ఉండరని తీర్మానించుకుంటాయి. ఓటీపీ చెప్పే కాల్ ఒడియాలో వస్తుంది, నిబంధనలు ఇంగ్లీషులో వస్తాయి, తెలుగు ఎక్కడో మూడో మెనూలో ముడుచుకుని ఉంటుంది. ఒడియా మాట్లాడగలిగినా చదవడం రాని మన పెద్దవాళ్లు ఈ తెర దగ్గర ఆగిపోయి, పిల్లలు సెలవులకు వచ్చాక చూద్దామని ఫోను పక్కన పెడతారు. ఇది బద్ధకం కాదు, తయారు చేసినవారి నిర్లక్ష్యం. ఎవరో ఒక ఇంజినీరుకు రాష్ట్రమూ భాషా ఒకటే అనిపించింది. మీ ఉత్తరంలో "సరుకు గురించి ఇంగ్లీషులో రాయడం రాదు" అని కూడా ఒక మాట ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చి, వాడుక తెలుగు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి (1863–1940) ఊరి నుంచి ఈ మాట రావడం నాకు కష్టంగా ఉంది. "మినప్పిండి, జీలకర్ర, ఇంగువ, నాలుగు ఎండలు చూసిన అప్పడం" అని రాయండి. మీ మొదటి పదిమంది కొనుగోలుదారులు తెలుగువారే అయి ఉంటారు.

ఆ పదిమంది ఎక్కడుంటారన్నది కూడా లెక్కే. ఆటోలో వెళ్లివచ్చే దూరంలోని పాతపట్నం మీకు పొరుగూరు, జీఎస్టీకి మాత్రం అది వేరే రాష్ట్రం. పన్ను ఉన్న సరుకును రాష్ట్రం దాటించి అమ్మేవారికి టర్నోవరు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పదు, పచ్చడి ఆ కోవలోకి వస్తుంది. అప్పడానికి జీఎస్టీ మినహాయింపు ఉంది, మినహాయింపు ఉన్న సరుకు మాత్రమే అమ్మేవారు రిజిస్ట్రేషన్ తీసుకోనక్కరలేదు. అందుచేత పాతపట్నం, టెక్కలి, పలాసలకు ముందు అప్పడాలు మాత్రమే నేరుగా అమ్మండి, ఆవకాయను ఇప్పటికి ఒడిశాలోనే ఉంచండి. మార్కెట్‌ప్లేస్‌లు సొంత నిబంధనతో జీఎస్టీ నంబరు అడగవచ్చు, దాని కోసం ఆగనక్కరలేదు, వాట్సాప్‌లో అమ్మకానికి ఆ అడ్డు లేదు. రెండు సరుకులకూ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు మాత్రం కావాలి, 14 అంకెల ఆ నంబరు ప్యాకెట్ మీద వేయాలి. "మీ లైసెన్సు ఆగిపోయింది, ఈ ఫైలు ఇన్‌స్టాల్ చేయండి" అని ఎవరైనా వాట్సాప్‌లో ఏపీకే (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) పంపితే తెరవకండి. ఆర్డర్ ఇచ్చినట్టు నటించి, డబ్బు మీ ఖాతాలో పడాలంటే యూపీఐ పిన్ కొట్టమనేవారు కూడా ఉంటారు, డబ్బు అందుకోవడానికి పిన్ ఎన్నడూ అక్కరలేదు. పొరపాటు జరిగిపోతే గంటలు లెక్కపెట్టకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.

జయపురం నుంచి ఒక రీఛార్జ్ షాపు యజమాని, ఫోను అప్‌డేట్ అడిగినప్పుడల్లా "తరువాత గుర్తుచేయి" నొక్కుతున్నానని, ఐదు నెలలైనా ఏమీ కాలేదని రాశారు. భద్రతా అప్‌డేట్ విడుదలైన రోజే ఏ కన్నం పూడ్చారో దొంగలకూ తెలుస్తుంది, పూడ్చుకోనివారిని వారు వెతకడం అప్పుడే మొదలవుతుంది. ఊరందరి రీఛార్జ్ డబ్బు నడిచే ఫోను మీది. షాపు మూసే ముందు ఛార్జింగ్‌కు పెట్టి నొక్కండి, ఇంతకు మించి దీనికి జవాబు లేదు.

మళ్లీ పర్లాకిమిడికి వస్తాను. వాయిదా మనస్తత్వం గురించి మీ కోర్సులో ఎన్ని వీడియోలున్నాయో గాని, మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో ప్రచురించిన వ్యాసంలోని ఒక్క విషయం మీకు చాలు. "చేస్తాను" అనుకున్నవారి కంటే, ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తారో ముందే ముడివేసుకున్నవారు ఆ పనిని ఎక్కువగా పూర్తిచేస్తారని ఆయన చూపించారు. ఆ లెక్కన ఈ శుక్రవారం రాత్రి, గిన్నెలు తోమడం అయ్యాక, వంటింటి గట్టు దగ్గరే నిలబడి ఆ సిమ్‌ను ఫోనులో వేయండి. సిగ్నల్ గీతలు కనిపిస్తే వెంటనే రీఛార్జ్ చేసి, ఈమెయిల్‌కు, వాట్సాప్‌కు టూ-స్టెప్ వెరిఫికేషన్ (లాగిన్‌కు రెండో తాళం) పెట్టి, బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి పోపుల డబ్బా వెనుక కాక పట్టుచీరల మడతల్లో ఉంచండి. శనివారం ఉదయం కిటికీ పక్కన ఒక్క ఫొటో తీసి, ధర వేసి, స్టేటస్‌లో పెట్టండి. గీతలు కనిపించకపోతే ఫొటో ఆదివారానికి ఆగవచ్చు. ఆ శుక్రవారం రాత్రి పడుకునేలోపు ఈమెయిల్‌లో, సెల్లర్ అకౌంట్‌లో, డొమైన్ లాగిన్‌లో మీరు రోజూ వాడే నంబరు పెట్టి పాతది తీసేయండి. ఏదైనా ఖాతాలోకి మీ పాస్‌వర్డ్‌తో వెళ్లలేకపోతే, ఆ సంస్థ సహాయ కేంద్రానికి అప్పుడే ఫిర్యాదు పెట్టండి, నాకు రెండో ఉత్తరం రాయడం ఆ తరువాతి పని.