పండు మీద స్టిక్కర్ ఎవరి కోసం?

ప్రశ్న: విశాఖలో ఉంటున్నాం. కూరగాయలు, పళ్ళు ప్లాస్టిక్ లేకుండా కొనాలని ఉంది. కంపోస్టబుల్ కవర్లు, ఎకో లేబుళ్ళు వాడే షాపు చూసుకుంటే సరిపోతుందా?

సరిపోదండీ. కవరు సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆ లేబుల్ గురించి మాట్లాడాలి.

నేనూ మా వదినా మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లకు వారం వారం కూరగాయల బుట్టలు వేస్తుంటాం. ఆనందపురం, పద్మనాభం మండలాల రైతుల దగ్గర తెల్లారకుండానే కోయించి, ఎండ ముదరకముందే ఇళ్ళకు చేర్చేస్తాం. ఈ పనిలో ధరల గురించి కన్నా ప్యాకింగ్ గురించే ఎక్కువ తల బద్దలు కొట్టుకున్నాం. అందుకే దీని మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

పోయిన శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు, మా బుట్టలు తీసుకునేవాళ్ళు పళ్ళు కూడా కావాలన్నారని హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్ళాం. ఒక కొట్టు ముందు ఓ కుర్రాడు బోర్లించిన ట్రే మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో స్టిక్కర్ల చుట్ట. ఒక చేత్తో ఆపిల్ తీయడం, రెండో చేతి బొటనవేలితో స్టిక్కర్ ఊడదీసి అంటించడం, పక్క పెట్టెలోకి వేయడం. స్టిక్కర్ మీద బంగారు రంగు అంచు, మధ్యలో గద్ద బొమ్మ, కింద ‘ప్రీమియం క్వాలిటీ’. రెండు వేర్వేరు అట్టపెట్టెల్లోంచి తీస్తున్నాడు, రెండిటికీ అదే గద్ద. కాసేపు నిలబడి చూస్తే ఇంకోటి అర్థమైంది. పండు మీద ఎక్కడైనా దెబ్బ తగిలి గోధుమరంగు మచ్చ ఉంటే చెయ్యి ఒక్క క్షణం ఆగుతోంది. పండుని తిప్పి, సరిగ్గా ఆ మచ్చ మీదే అంటిస్తున్నాడు.

‘ఇవి ఏ ఊరివి బాబూ?’ అని మా వదిన అడిగింది.

‘ఏ ఊరివి కావాలమ్మా?’ అన్నాడు.

వెటకారం లేదు, మామూలుగానే అడిగాడు. లోపలున్న కొట్టు యజమాని మేమూ వ్యాపారస్తులమే అనుకుని, ‘స్టిక్కర్లు కావాలంటే చెప్పండమ్మా, ఆర్గానిక్ అని ఉన్నవి కూడా ఇప్పిస్తాను’ అన్నాడు. సర్టిఫికెట్ ఉందా అని అడగలేదు. ఏ పంట మీద అంటిస్తారని కూడా అడగలేదు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, కూలికి చేస్తున్నాడు. కానీ ఆ రోజు నుంచి పండు మీద స్టిక్కర్ కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మర్నాడు ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు తలస్నానం చేసి, అమ్మవారి ముందు పెట్టబోయే పళ్ళ మీద ఆ గద్దను గోళ్ళతో గీకి ఉంటారో ఆలోచించండి. గీకినా జిగురు వదలదు, తడిబట్టతో తుడిచినా చేతికి తగులుతూనే ఉంటుంది.

విదేశాల్లో మొదలైన స్టిక్కర్‌కి ఒక పని ఉండేది. నాలుగంకెల పీఎల్‌యూ నంబర్, బిల్లు కౌంటర్‌లో ఉన్న మనిషి ఏ రకమో గుర్తుపట్టడానికి. మామూలు అరటిపండుకి 4011. సేంద్రియంగా పండించినదైతే ముందు 9 చేరి 94011 అవుతుంది. మన దగ్గర అంటించే వాటిలో చాలావాటికి ఆ నంబరూ ఉండదు, ఊరూ ఉండదు, తేదీ అసలే ఉండదు. నాణ్యమైనదని నమ్మించడానికి, లోపాలు దాచడానికి ఇవి వాడుతున్నారని, జిగురు కూడా మంచిది కాదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా చెప్పింది. స్టిక్కర్ తీసేసి తినమంది. అంటించేవాళ్ళు అంటిస్తూనే ఉన్నారు, మనం గీకుతూనే ఉన్నాం.

పైగా అది ప్లాస్టిక్ పొర. మేడ మీద మొక్కలు పెంచేవాళ్ళను అడగండి, కంపోస్టు జల్లించినప్పుడు తొక్కలన్నీ మట్టిలో కలిసిపోయి స్టిక్కర్లు మాత్రం అక్షరాలు చెరగకుండా పైకి తేలతాయి. ఫ్రాన్స్‌లో 2022 జనవరి నుంచి ఇంటి కంపోస్టులో కలిసిపోని స్టిక్కర్ పండు మీద ఉండకూడదని చట్టమే చేశారు. స్వీడన్‌లో ఐసీఏ అనే సూపర్‌మార్కెట్లు 2016లోనే అవకాడోలు, చిలగడదుంపల తొక్క మీద లేజర్‌తో అక్షరాలు వేయించి చూశాయి. తొక్క పైపొరలో రంగు మాత్రమే పోతుంది, లోపల పండుకి ఏమీ కాదు. మన దగ్గరో? 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో స్వీటు డబ్బా చుట్టూ చుట్టే పొర ఉంది. కీరదోసకాయ చుట్టూ చుట్టే పొర లేదు, పండు మీద స్టిక్కర్ లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇక కవర్లు. ‘కంపోస్టబుల్’ అని రాసి ఉన్న కవరు మీద ఐఎస్ 17088 అన్న ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అది ఆకుపచ్చ రంగు ప్లాస్టిక్ కిందే లెక్క. ఉన్నా కూడా, ఆ ప్రమాణం పెద్ద కంపోస్టు ప్లాంట్లలో పుట్టే వేడిని ఉద్దేశించింది. మీ బాల్కనీ కుండీలో అంత వేడి పుట్టదు. తడిచెత్తతో కలిసి కాపులుప్పాడ చెత్త యార్డుకి వెళ్ళినా, దాన్ని మామూలు కవరు నుంచి విడదీసేదెవరు? బట్ట సంచీలా కనిపించే ఆ రంగురంగుల నాన్ వోవెన్ సంచులైతే మరీ మోసం. అవి పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. నాలుగు వాడకాలకు పోగులు ఊడిపోతాయి. ఆ పోగులు మన సముద్రంలోకి కాక ఇంకెక్కడికి పోతాయి?

ప్లాస్టిక్‌లో పెడితే కూర తాజాగా ఉంటుందన్న మాట మాత్రం మన ఊళ్ళో నేను ఒప్పుకోను. ఇక్కడి ఉక్కలో గోంగూర కట్టను కవర్లో మూట కట్టి సాయంత్రం వరకూ ఉంచి చూడండి. లోపల చెమట పట్టి, అడుగు ఆకులు నల్లగా జిగురైపోతాయి. మా రైతుల్లో ఒకామె మొదటి రోజే చెప్పింది, ‘ఆకుకి గాలాడాల కదేటమ్మా, మూట కడితే కుళ్ళిపోద్ది’ అని. 2022లో బ్రిటన్‌లో వ్రాప్ అనే సంస్థ ఆపిల్, అరటి, బ్రొకోలీ, కీర, బంగాళాదుంపల మీద పరీక్షలు చేసి దాదాపు ఇదే తేల్చింది. ప్లాస్టిక్ ప్యాకింగ్ వల్ల వాటి నిల్వ కాలం పెద్దగా పెరగదని, విడిగా అమ్మితే జనం కావలసినంతే కొని తక్కువ పారేస్తారని. లంబసింగి స్ట్రాబెర్రీల్లాంటి మెత్తటి పళ్ళకు డబ్బా తప్పదు, కాదనను. అదైనా అట్టతో చేయొచ్చు. ఆనపకాయకి ఎందుకండీ డబ్బా? దానికి దేవుడు తొక్క ఇచ్చాడు.

మేం ఏం చేస్తున్నామంటే, ఆకుకూరలకు తడిపి పిండిన పాత చీర ముక్కలు. పచ్చిమిర్చి, అల్లం లాంటి చిన్నవాటికి పాడేరు సంత నుంచి తెప్పించుకున్న అడ్డాకులు, అరటి నారతో కట్టి. మిగతావన్నీ విడిగా వెదురు బుట్టలో. బుట్ట మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటాం. కాగితం సంచులు కూడా చూశాం, వానాకాలంలో అడుగు ఊడిపోతుంది, మన ఊరికి అవి పనికిరావు. అడ్డాకు అంటే మనవాళ్ళకు విస్తళ్ళే గుర్తొస్తాయి కానీ, అంత గట్టిగా, మడిచినా చిరగకుండా ఉండే ఆకు నాకు ఇంకోటి తెలీదు. గిరిజన కుటుంబాలకు నాలుగు డబ్బులూ వస్తాయి.

లేబుల్‌కి స్టిక్కర్ లేదు. ప్రతి బుట్టకీ ఒక పలక కట్టి ఉంటుంది. దాని మీద సుద్దముక్కతో కూర పేరు, ఊరి పేరు, కోసిన రోజు. మా వదిన చేతిరాత గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఆ పని తనదే. పలక పెట్టాక జనం అడిగే ప్రశ్నలు మారిపోయాయి. ‘ఆర్గానిక్కేనా?’ అని అడిగేవాళ్ళు ఇప్పుడు ‘పోయినవారం పద్మనాభం బీరకాయలు లేతగా ఉన్నాయి, ఈసారి వేరే ఊరివి ఎందుకొచ్చాయి?’ అంటున్నారు. సర్టిఫికెట్ ఉంటే చూపించాలి, లేనప్పుడు ఆ మాట వాడకూడదు. మా రైతుల్లో కొందరికి ఇంకా రాలేదు, అందుకే పలక మీద ఆ మాట రాయం.

కాబట్టి మీరు షాపులో ముందు కవరు చూడకండి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, ఏ రైతుబజారు దగ్గరైతే అక్కడికి, వీలైనంత పొద్దున్నే, ఇంటి నుంచి రెండు మూడు బట్ట సంచులు, ఒక తడిగుడ్డ పట్టుకెళ్ళండి. ‘ఎక్కడివి, ఎప్పుడు కోశారు?’ అని అడగండి. రైతు అయితే పొలం గట్టుతో సహా చెప్తాడు. సూపర్‌మార్కెట్‌కే వెళ్ళక తప్పదంటే అక్కడా ఇదే అడగండి, చెప్పలేకపోతే మేనేజర్‌ని పిలిపించండి. పళ్ళు స్టిక్కర్ లేనివి ఏరుకోండి. అన్నిటికీ ఉంటే అక్కడే కౌంటర్ దగ్గర స్టిక్కర్లు ఊడదీసి, వాళ్ళ చెత్తబుట్టలోనే వేసి రండి. నేను అలాగే చేస్తున్నాను.