బుజ్జీ, థిన్నర్ డబ్బా జోలికి పోకు

చి. బుజ్జికి, బాబాయి ఆశీస్సులు.

నీ సంపాదనతో పాత ట్రక్కు కొన్నావని మీ నాన్న ఫోన్లో చెబితే ఛాతీ ఉప్పొంగింది. ఆ వెంటనే "దాని మీదున్న అక్షరాలు, బ్యాడ్జీలు, తలుపుల మీది బీడింగు పట్టీలు అన్నీ తనే పీకేస్తుందట" అన్నాడు. కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. వద్దని అనను. వద్దంటే మానేసే రకం కాదు నువ్వు, మీ నాయనమ్మ పోలిక. చెప్పేది మాత్రం విను.

ముందు బండి కడుగు. బ్యాడ్జీ అంచుల్లో ఇరుక్కున్న ఇసుకను మెత్తటి బ్రష్‌తో తీసెయ్, లేకపోతే ఆ ఇసుకే గీతలు పెడుతుంది. చుట్టూ మాస్కింగ్ టేపు వెయ్యి.

తర్వాత ఏది దేనితో నిలబడిందో చూసుకో. చాలావాటికి స్పాంజిలాంటి డబుల్ సైడ్ టేపే ఉంటుంది. కొన్నిటికి వెనక పిన్నులుంటాయి, రేకులోని రంధ్రాల్లోకి దిగి ఉంటాయి. అలాంటివి తీస్తే రంధ్రాలు పూడ్చి రంగు వెయ్యాలి, లేదంటే నీళ్లు దిగి తుప్పు పడుతుంది. నన్నడిగితే వాటిని వదిలెయ్. బీడింగుకి క్లిప్పులూ ఉండొచ్చు, చూడకుండా లాగకు.

వేడికి హెయిర్ డ్రయ్యర్ చాలు. హీట్ గన్ వద్దు, ఒకచోట కాస్త ఎక్కువసేపు నిలిపితే రంగు బుడగలు లేస్తుంది. డ్రయ్యర్ ఆడిస్తూ ఉండు. చెయ్యి పెడితే బాగా వెచ్చగా ఉండాలి, చురుక్కుమని లాక్కునేంత కాదు. అప్పుడు గాలానికి కట్టే నైలాన్ దారం తీసుకుని బ్యాడ్జీ వెనకగా రంపంలా అటూ ఇటూ లాగు. గ్లవ్స్ వేసుకో, వేళ్లు కోసుకుపోతాయి. దారం ఎక్కడైనా ఆగితే బలం చూపించకు, పిన్ను తగిలి ఉంటుంది. స్క్రూడ్రైవర్ మాటే ఎత్తకు.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. బ్యాడ్జీ ఊడాక జిగురు మిగులుతుంది చూడు, నా భయమంతా దానితోనే.

మీ నాన్న మొదటి ట్రక్కు సంగతి ఇది. నాకు 22 ఏళ్లు, రంగుల షెడ్డులో రెండేళ్లు పనిచేసి అన్నీ వచ్చేశాయనుకుంటున్న రోజులు. అన్నయ్య ఊరెళ్లాడు. తిరిగొచ్చేలోగా వెనక తలుపు మీది పెద్ద అక్షరాలు తీసేసి నున్నగా చేసి చూపిద్దామనుకున్నాను. దారంతో ఒక్క గీత పడకుండా అన్నీ తీశాను. జిగురు మిగిలింది. బొటనవేలితో రుద్దితే ఉండలు కట్టి వస్తోంది గానీ ఒక్కో అక్షరానికి పావుగంట. మూడో అక్షరం దగ్గర ఓపిక అయిపోయింది. అరలో రంగు పలచన చేసే థిన్నర్ డబ్బా కనబడింది. గుడ్డ తడిపి అద్దాను. జిగురు వెన్నలా కరిగింది. ఎంత సంబరపడ్డానో! రెండోసారి రుద్ది గుడ్డ తిప్పి చూస్తే నీలంగా ఉంది. బండి రంగు నీలం.

ఆ తలుపుకి ఎప్పుడో దెబ్బ తగిలి ఎవరో మళ్లీ పెయింట్ చేశారు. నేను చూసుకోలేదు. ఆ రంగు థిన్నర్ తగలగానే ముడతలు పడి మీగడలా లేచింది. అక్కడితో ఆపినా బాగుండేది. సరిచేద్దామని కాంపౌండ్, అంటే రంగును అరగదీసి నునుపు చేసే ముద్ద, తీసుకుని రుద్దితే అరచేతి మేర రంగు కింది పూత, బూడిదరంగు ప్రైమర్, బయటపడింది. రాత్రంతా నిద్రపోలేదు.

అన్నయ్య వచ్చి కాసేపు చూశాడు. "అక్షరాలైతే పోయాయిరా" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. దానికి రంగు కూడా వేయించలేదు. చిన్నప్పుడు నువ్వు ఆ మచ్చ మీద వేలు పెట్టి ఏనుగని చూపించేదానివే, అది ఈ బాబాయి గీసిన ఏనుగే.

అందుకే ముందు నీ బండికి మళ్లీ రంగు పడిందేమో చూడు. రబ్బరు అంచుల మీద రంగు తుంపరలు, తలుపు సందుల్లో టేపు వేసిన గీత, ఎండలో పక్క రేకుతో కలవని ఛాయ, ఇనుప రేకు మీద అయస్కాంతం సరిగ్గా అంటకపోవడం, వీటిలో ఏది కనబడినా ఆ రేకు దగ్గర ఇంకా నెమ్మది. జిగురును ముందు వేలితోనే రుద్దు. మిగిలిన కాస్తకీ రంగుకు హాని చెయ్యదని రాసి ఉన్న గమ్ రిమూవర్ వాడు, అదీ కనబడని చోట చుక్క వేసి చూశాకే. తుడిచేటప్పుడు డ్రయ్యర్ దూరంగా పెట్టు, అలాంటివి చాలావరకు ఇట్టే అంటుకుంటాయి.

పాత బండి కాబట్టి అక్షరాలున్నచోట నీడలా కనబడుతుంది, కింది రంగు ఎండ చూడలేదు కదా. సన్నటి పాలిష్ చేత్తో పట్టించు, మైనం పూయి. పూర్తిగా పోలేదని రుద్దుతూ కూర్చోకు. రంగు పైనుండే పారదర్శకమైన పూత, క్లియర్ కోట్, మామూలుగా తల వెంట్రుక కంటే సన్నం.

మొదటి రోజు ఒక్క అక్షరమే తియ్యి, ఫొటో పంపు. జిగురు తుడిచేటప్పుడు మీ నాన్నను పక్కన నిలబెట్టుకో. ఆయనకు ఈ పనేమీ రాదు, కానీ కబుర్లు చెబుతాడు, నీకు విసుగు రాదు.

ఇట్లు,
బాబాయి