ఇంకా ప్రాస్పెక్టేనా?

చిరంజీవి బాబుకి, పెదనాన్న ఆశీస్సులు.

మీ ఫాంటసీ బేస్‌బాల్ లీగ్ (నిజం ఆటగాళ్లని ఎంచుకుని వాళ్ల అంకెలతో ఆడుకునే ఆట) పెత్తనం ఈసారి నీ నెత్తిన పడిందని మీ నాన్న చెప్పాడు. ప్రాస్పెక్టుల కోసం, అంటే ముందు ముందు పైకొస్తారని ఆశపెట్టుకున్న కుర్రాళ్ల కోసం, విడిగా పెట్టుకున్న స్లాట్లలో ఎవరుండొచ్చు, ఎవరుండకూడదు అన్నదాని మీదే గొడవంతానట. అడిగేవాడు రూల్ గురించి అడుగుతాడు, జవాబిచ్చేవాడు ఆ కుర్రాడి మీద తనకున్న ఆశ గురించి చెప్తాడు. నువ్వు ముందు ఈ రెండిటినీ విడదియ్యి.

రూల్ సంగతి. మేజర్ లీగ్స్‌లో, అంటే అమెరికా అత్యున్నత బేస్‌బాల్‌లో, 130 ఎట్-బ్యాట్స్ (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) దాటినా, పిచరైతే, అంటే బంతి విసిరేవాడైతే, 50 ఇన్నింగ్స్ దాటినా రూకీ, అంటే కొత్త ఆటగాడన్న హోదా పోతుంది. అది ఉన్నంతవరకే ప్రాస్పెక్ట్ స్లాట్. దాటాలి సుమా, సరిగ్గా 130 దగ్గర ఆగినవాడు ఇంకా రూకీయే. ఇది కెరీర్ మొత్తం లెక్క, ఒక సీజన్‌ది కాదు. నాలుగు చెడ్డ బంతులకి ఊరికే బేస్ దక్కే వాక్ వస్తే ఎట్-బ్యాట్ కింద రాదు, క్రికెట్లో వైడ్ బ్యాటర్ ఆడిన బంతుల్లో పడనట్టే. అందుకని వాక్‌లతో సహా బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతిసారీ లెక్కేసే ప్లేట్ అప్పియరెన్స్‌ల కాలమ్ చూసి ఎవర్నీ తీసెయ్యకు.

ఈ లెక్క ఎంత దగ్గర దగ్గరగా తేలుతుందో చూడు. మైక్ ట్రౌట్ 2011లో 123 ఎట్-బ్యాట్స్ ఆడాడు. ఇంకో ఎనిమిది ఆడి ఉంటే 2012 రూకీ ఆఫ్ ది ఇయర్ అవార్డు అతనికి దక్కేదే కాదు. 2022లో గన్నర్ హెండర్సన్ 116 దగ్గర, కార్బిన్ క్యారల్ 104 దగ్గర ఆగారు. మరుసటి ఏడాది మేజర్ లీగ్స్‌లోని రెండు లీగుల్లో చెరొకదానిలో ఆ అవార్డు వాళ్లదే. రాండీ అరోజరేనా మరీ విచిత్రం. 2020 పోస్ట్‌సీజన్‌లో, అంటే రెగ్యులర్ సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ పోటీల్లో, పది హోమ్ రన్లు కొట్టి రికార్డు పెట్టాడు, దేశమంతా పేరు మోగిపోయింది. అయినా పోస్ట్‌సీజన్ లెక్కలోకి రాదు కాబట్టి 2021లోనూ రూకీయే, అవార్డూ కొట్టేశాడు. అంత పేరొచ్చినవాడు ప్రాస్పెక్ట్ ఏంటని మీవాళ్లెవరైనా అంటే ఇతని పేరు చెప్పు.

అసలు రూల్‌లో, జట్టు రోస్టర్‌లో (ఆడే జాబితాలో) 45 రోజులు దాటి ఉన్నా హోదా పోతుందన్న షరతు కూడా ఉంది. మీరు దాన్ని వదిలెయ్యండి. బెంచ్ మీద కూర్చున్న క్యాచర్ బ్యాట్ పట్టకుండానే హోదా పోగొట్టుకుంటాడు, పైగా రోజులు లెక్కపెట్టలేక నీకు టెన్షన్. బేస్‌బాల్ అమెరికా పత్రిక వాళ్లు కూడా తమ ప్రాస్పెక్ట్ జాబితాలకి రోజులు చూడరు.

జపాన్ నుంచి వచ్చేవాళ్ల దగ్గర మాత్రం రూల్ ఒక్కటే చాలదు. బ్యాటర్ ఇచిరో అక్కడ వరసగా ఏడుసార్లు బ్యాటింగ్ టైటిల్ గెలిచి, 27 ఏళ్ల వయసులో 2001లో ఇక్కడ రూకీ అయ్యాడు. అతన్ని ప్రాస్పెక్ట్ అంటే నాకు నవ్వొస్తుంది. 25 ఏళ్లు నిండి, విదేశీ ప్రొఫెషనల్ లీగుల్లో ఆరు సీజన్లు ఆడినవాడికి, విదేశీ కుర్రాళ్లకిచ్చే బోనస్ మీద మేజర్ లీగ్స్ పెట్టిన పరిమితి వర్తించదు. ఆ గీతే మీరూ పెట్టుకోండి. జపాన్ పిచర్ యమమోటో దాన్ని దాటి వచ్చాడు, డాడ్జర్స్ జట్టువాళ్లు 32.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. అక్కడి పిచరే రోకీ ససాకీ 23 ఏళ్లకే వచ్చాడు, అదే జట్టు నుంచి బోనస్ 65 లక్షల డాలర్లే. ఈ గీత ప్రకారం, వచ్చినప్పుడు యమమోటోకి మీ స్లాట్లలో చోటు ఉండేది కాదు, ససాకీకి ఉండేది.

ఇక ఆశ. ఇది ఎవరి జట్టుకి వాళ్లు తేల్చుకోవాల్సింది, కమిషనర్‌గా, అంటే లీగ్ పెద్దగా, నువ్వు తలదూర్చకు. నీ జట్టుకైతే వయసుని అతను ఆడే లెవెల్‌తో పోల్చి చూడు. డబుల్-ఏలో (మేజర్స్‌కి రెండు మెట్లు కింద) 19 ఏళ్లవాడు తడబడుతున్నాడంటే ఓపిక పట్టు. అదే డబుల్-ఏలో 25 ఏళ్లవాడు చితగ్గొడుతుంటే పొంగిపోకు. ట్రౌట్ ఆ 123 ఎట్-బ్యాట్స్‌లో కొట్టింది .220 సగటే. అది చూసి వదిలేసినవాడు మొదటి కాల్-అప్‌కి, అంటే మేజర్స్ పిలుపుకి, అతని వయసు 19 అని మర్చిపోయాడన్నమాట. అల్బుకర్కీ, రీనో లాంటి ఎత్తైన ఊళ్లలో ట్రిపుల్-ఏ (మేజర్స్‌కి ఒక్క మెట్టు కింద) బ్యాటింగ్ అంకెల్ని సగమే నమ్ము, అక్కడ బంతి ఎగిరిపోతుంది. పిచర్ల విషయంలో వయసు అంత పట్టించుకోకు. కాలేజీలో షార్ట్‌స్టాప్‌గా ఆడి, తర్వాత మోచేతి సర్జరీ చేయించుకున్న జేకబ్ డిగ్రామ్, 26వ పుట్టినరోజుకి నెల ముందు మేజర్స్‌కి వచ్చి ఆ ఏడే రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు.

హోదా పోయినా ఆశ మిగిలినవాళ్లతోనే నీకు తలనొప్పి. 2013లో బేస్‌బాల్ అమెరికా నంబర్ వన్ ప్రాస్పెక్ట్ జురిక్సన్ ప్రొఫార్, ఆ ఏడాదే 130 దాటేశాడు. మొదటిసారి ఆల్-స్టార్ (మేటి ఆటగాళ్ల జట్టు సభ్యుడు) అయింది మాత్రం 2024లో. అలాంటివాణ్ని ఉంచుకోవాలనుకుంటే మామూలు బెంచ్‌లో ఉంచుకోమను, ప్రాస్పెక్ట్ స్లాట్ ఇవ్వకు.

లెక్క మాత్రం సెప్టెంబర్ ఆఖర్లో రెగ్యులర్ సీజన్ అయ్యాక ఒక్కసారే చూడు. మధ్యలో గీత దాటినవాణ్ని అప్పటికప్పుడు తీసెయ్యమంటే, సగంమంది ఆఫీసులో పని మానేసి బాక్స్ స్కోర్లు (మ్యాచ్ అంకెల పట్టికలు) చూస్తూ కూర్చుంటారు.

మీ పెదనాన్న