సీటు వచ్చింది, క్లాసులకి ఇంకా మూడు వారాలుంది. ఈలోపు ఏం చెయ్యాలి?

ప్రశ్న: అక్కా, మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో హైదరాబాద్‌లో ఈసీఈ సీటొచ్చింది, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ కూడా అయిపోయింది. ఇంటర్ దాకా నాది తెలుగు మీడియమే. స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరమని మామయ్య, లాప్‌టాప్ లేకపోతే కష్టమని ఫ్రెండ్స్ అంటున్నారు. నాన్న కౌలు రైతు, అప్పు చేసైనా కొంటానంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు నాన్నతో చెప్పమ్మా, లాప్‌టాప్ కోసం ఇప్పుడు అప్పు వద్దని. మొదటి ఏడాది సి ప్రోగ్రామింగ్‌కి కాలేజీ ల్యాబ్ సరిపోతుంది, అవసరమేంటో తెలిశాక చూసుకోవచ్చు. డ్రాయింగ్‌కి మినీ డ్రాఫ్టర్ అని గీతలు గీసే పరికరం అడుగుతారు, అది కూడా కొత్తది కొనక్కర్లేదు, సీనియర్ల దగ్గర సగం ధరకే దొరుకుతుంది.

కాగితాల సంగతి మాత్రం ఈ వారమే చూడు. కాలేజీలో టీసీ ఒరిజినల్ ఇచ్చేయాలి కాబట్టి ముందే ఐదారు జిరాక్సులు తీసిపెట్టుకో. పదో తరగతి, ఇంటర్ మెమోలు చూపించి జిరాక్సులే ఇవ్వు, ఒరిజినల్స్ మా దగ్గరే ఉంచుతాం అంటే ఒప్పుకోకు, ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం వాళ్ళు అట్టిపెట్టుకోకూడదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో అప్లై చెయ్యాలి, దానికి మీసేవలో తీసిన ఆదాయ ధ్రువపత్రం కావాలి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో నీ పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం పోల్చి చూసుకో. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండి ఆఫీసుల చుట్టూ తిరిగిన పిల్లల్ని చాలామందిని చూశాను, నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

హాస్టల్ ఫోన్లో ఖాయం చెయ్యకు. ఆధార్ చూపిస్తే ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో నీకూ అమ్మకీ జీరో టికెట్టే కదా, ఒకసారి వెళ్ళి సాయంత్రం అన్నం వేళకి అక్కడ ఉండండి, ఓనర్‌ని కాదు, తింటున్న అమ్మాయిల్ని అడగండి నీళ్ళెలా వస్తున్నాయో, అన్నం ఎలా ఉందో.

ఇక ఇంగ్లిష్. నీ భయం ఎక్కువగా దీని గురించే అనిపిస్తోంది. మూడు వారాల కోచింగ్‌తో పోయే భయం కాదిది, ఆ డబ్బులు హాస్టల్ అడ్వాన్సుకి ఉంచు. లెక్కలు నీకు వచ్చు తల్లీ, పేర్లు మాత్రమే కొత్త. నోట్‌బుక్ పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు మాత్రిక, నిర్ధారకం, అవకలజం, సమాకలని అని రాసుకో, కుడివైపు మ్యాట్రిక్స్, డిటర్మినెంట్, డెరివేటివ్, ఇంటెగ్రల్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయి. తర్వాత ఇంటర్ ఇంగ్లిష్ మీడియం లెక్కల పుస్తకం ఎవరిదైనా అడిగి తెచ్చుకుని, నీకు బాగా వచ్చిన లెక్కే అందులో పైకి చదువుతూ చెయ్యి. రోజుకి రెండు పేజీలు చాలు. బీటెక్ మొదటి సెమిస్టర్ లెక్కల్లో చాలా భాగం ఇవే, క్లాసులో మ్యాట్రిక్స్ అనగానే నీకు మాత్రిక గుర్తొస్తే సగం గండం గట్టెక్కినట్టే.

ర్యాగింగ్ జరిగితే దాచుకోకు. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522, పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఈ నంబరు అమ్మ ఫోన్లో కూడా వేసిపెట్టు.